నడుం దాకా నెట్టు

రేపల్లెలో నాంచారయ్య కుటుంబానికి ఒక గట్టి నమ్మకం ఉండేది, తెలివంటే తమదేనని. నాంచారయ్య, అతని భార్య శేషారత్నం, తమ్ముడు పేరయ్య, ముగ్గురూ రోజూ భోజనాలయ్యాక వసారాలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ తెలివితక్కువతనం తలుచుకుని జాలిపడేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చెయ్యకపోవడం వల్లే లోకం ఇలా తగలడిందని నాంచారయ్య తేల్చేవాడు. ఆ ఇంట్లో మాత్రం ఆ లోటు లేదు. "కాస్త పాలు చూస్తూ ఉండు మరిదీ" అని శేషారత్నం అంటే పేరయ్య చూస్తూనే ఉండేవాడు. పాలు పొంగేవి, పొయ్యి ఆరిపోయేది, అతను మాత్రం రెప్ప వాల్చేవాడు కాదు.

ఆ అన్నదమ్ముల మేనత్త మాణిక్యాంబ. ఆమె భర్తకి బతికున్న రోజుల్లో టెన్నిస్ పిచ్చి. ఊరి చివర మట్టి కోర్టు వేయించి, బంతులు పొలాల్లో పడకుండా చుట్టూ ఎత్తుగా ఇనుప వల కట్టించాడు. ఆయన పోయాక కోర్టు ఖాళీగా పడి ఉంది. మిరపకాయలు ఆరబోసుకుంటానని ఒక వ్యాపారి ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. ఆ మాట నాంచారయ్య చెవిన పడింది. చిన్నప్పుడు మామయ్య కొట్టిన బంతులన్నీ ఏరినవాడు అతనే. ఆ కోర్టంటే అతనికి ప్రాణం. పరుగున వెళ్ళి అత్త కాళ్ళు పట్టుకున్నాడు.

"ఈ వేసవి సెలవులు నీకు గడువిస్తున్నా నాంచారూ," అంది మాణిక్యాంబ. "చిన్నపిల్లలకి ఆట నేర్పి నాలుగు డబ్బులు చేసుకో. సెలవులు అయ్యే రోజున నేనొచ్చి చూస్తా. మేం ఇంటికెళ్ళం అని పిల్లలు ఏడుస్తూ ఉండాలి. అలా అయితే కోర్టు నీది. లేకపోతే మిరపకాయలవాడిది."

అంతే. ఆట నేర్పడం ఎలాగో కనుక్కు రమ్మని పేరయ్యని గుంటూరు పంపారు. అక్కడ ఒక కోచ్ గారు పాపం ఓపిగ్గా చెప్పాడు. చిన్నపిల్లలకి నెట్టు నడుం దాకా ఉంటే చాలు. బంతులు మెత్తగా ఉండాలి. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఉంచకూడదు, విసుగొచ్చి మానేస్తారు. పేరయ్య ఈ మూడు ముక్కలూ బస్సులో దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చి, దిగీ దిగగానే అన్నకి ఒప్పజెప్పాడు.

మొదటిరోజు పదిమంది పిల్లలు వచ్చారు. అందరిలోకీ చిన్నది కిరాణాకొట్టువాళ్ళ అమ్మాయి పల్లవి. దాని నడుం దాకా నెట్టు కట్టారు. పక్కనే పొడుగ్గా ఉన్న పిల్లాడు నిలబడితే వాడికి మోకాళ్ళ దాకా వచ్చింది. నెట్టు పైకి కడితే పల్లవి కనబడకుండా పోయింది. కిందికి, పైకి, కిందికి, పైకి కట్టి కట్టి పేరయ్య చేతులు బొబ్బలెక్కాయి. చివరికి నాంచారయ్య బుర్రలో ఆలోచన మెరిసింది. నెట్టు ఒక్కటే, పిల్లలు పదిమంది. పదింటిని మార్చడం తేలికా, ఒకదాన్ని మార్చడం తేలికా అని తమ్ముణ్ణి అడిగాడు. పదిమందిని మార్చడమే తేలికని పేరయ్య అన్నాడు, అతని చేతులు మరి అంత మండుతున్నాయి.

ఇంకేముంది, పార తెచ్చారు. పల్లవిని వదిలేసి మిగతా పిల్లలకి తలా ఒక గుంట తవ్వారు. పొడుగువాడికి లోతైన గుంట, పొట్టివాడికి లోతు తక్కువ గుంట. అందరూ దిగి నిలబడితే నెట్టు అందరికీ సరిగ్గా నడుం దాకా వచ్చింది. పిల్లలు ఎవరి గుంటలో వాళ్ళు మహారాజుల్లా ఉన్నారు. మట్టిలో దిగినా తిట్టేవాళ్ళు లేరు, అంతకన్నా ఏం కావాలి వాళ్ళకి.

ఇక బంతులు. వాటిని మెత్తగా చేసే పని శేషారత్నం తీసుకుంది. పెద్ద గుండిగలో బంతులన్నీ పోసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది. కందిపప్పు త్వరగా ఉడకాలంటే చిటికెడు సోడా వెయ్యాలి గనక అదీ వేసింది. ఉడికాయో లేదో అని మధ్యమధ్య గరిటెతో తీసి నొక్కి చూసింది. చల్లారాక చూస్తే బంతులు నీళ్ళు పీల్చి ఇడ్లీల్లా తయారయ్యాయి. పిల్లలు బ్యాటు ఎత్తి ఒక్కటి కొడితే తప్పున నీళ్ళు చిమ్మేవి. మే నెల ఎండలో ఆ తడికి పిల్లలు కేరింతలు కొట్టారు.

వరసలో నిలబెట్టకూడదు కదా, అందుకని ఆట వంతు రానివాళ్ళని చాపలు పరిచి వరసగా పడుకోబెట్టారు. తడిసి అలిసిపోయిన పిల్లలు చాప తగలగానే నిద్రపోయారు. సాయంత్రం తల్లులు వచ్చి చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. సెలవులిచ్చిన దగ్గర్నించీ ఇంట్లో కుదురుగా కూర్చోని పిల్లలు ఇక్కడ గురకలు పెడుతున్నారు. ఆ మాట ఊరంతా పాకింది. అంతే, పిల్లలు జట్లు జట్లుగా వచ్చి చేరిపోయారు. గుంటలు తవ్వలేక పేరయ్య నడుం పట్టేసింది. శేషారత్నం రెండో గుండిగ కొంది. ఇంత లాభం మామయ్య కూడా కల గని ఉండడని నాంచారయ్య పొంగిపోయాడు.

సెలవులు అయిపోయే రోజు వచ్చింది. పిల్లలు గుంటల్లోంచి గుంటల్లోకి గెంతుతూ పడీపడీ నవ్వుతున్నారు. అది చూసి నాంచారయ్య భార్య దగ్గరికి పరుగెత్తాడు.

"కొంప మునిగింది శేషూ. ఒక్కడూ ఏడవడం లేదు."

"అయ్యో, అదేంటండీ. ఇన్నాళ్ళ కష్టం బూడిదలో పోసినట్టేనా?" అంది శేషారత్నం.

పేరయ్య పల్లవి దగ్గరికి వెళ్ళి కొంచెం ఏడవమ్మా అని బతిమాలాడు. అది ఇంకా నవ్వింది. నాంచారయ్యే తన కష్టం చెప్పుకుని ఏడ్చి చూపించాడు. అది కూడా ఆటే అనుకుని పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పటికే మిరపకాయల వాసన వస్తున్నట్టు అనిపించి అతనికి నిజంగానే కళ్ళు తిరిగాయి.

అప్పుడు శేషారత్నం ఇంటికి పరుగెత్తి గంపెడు ఉల్లిపాయలు తెచ్చింది. బంతులన్నీ తీసేసి పిల్లల చేతికి ఉల్లిపాయలిచ్చింది. ఇంకేముంది, పిల్లలు వీరావేశంతో బాదారు. ఉల్లిపాయలు బ్యాటు తీగల్లోంచి ముక్కలు ముక్కలై రాలాయి. ఆ ఘాటుకి పిల్లలందరి కళ్ళల్లోంచి ధారలు. సరిగ్గా అప్పుడే మాణిక్యాంబ వచ్చింది. ఇంటికి వెళ్దామా అమ్మా అని పల్లవిని అడిగింది.

"నేను వెళ్ళను. ఇంకా ఉల్లిపాయలున్నాయి," అంది పల్లవి ముక్కు ఎగబీలుస్తూ.

మాణిక్యాంబకి కూడా కళ్ళనీళ్ళు ఆగలేదు. పోయినాయన ఇది చూసి ఉంటే ఎంత మురిసిపోయేవాడో అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఒత్తుకున్నకొద్దీ ఇంకా కారాయి. తాళం, తాళంచెవి తెచ్చి నాంచారయ్య చేతిలో పెట్టింది.

"కోర్టు నీదిరా. ఆ వ్యాపారి మొండివాడు, బస్తాలు తెచ్చి లోపల దింపేస్తాడు. నేనటు వెళ్ళగానే గేటుకి తాళం వెయ్యి. ఈ తాళంచెవి ఎవరి చేతికీ చిక్కకూడదు, చెబుతున్నా," అని ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాంచారయ్య తాళం కళ్ళకద్దుకున్నాడు. అత్త వీధి మలుపు తిరగడమే ఆలస్యం, గేటుకి తాళం వేశాడు. పిల్లలు లోపలే ఉన్నారు. ఇంటికి వెళ్ళం అన్నారు కదా మరి. తాళంచెవి పేరయ్యకి ఇవ్వబోయి ఆగాడు. తమ్ముడిదీ చెయ్యే. తన జేబులో పెట్టుకోబోయి మళ్ళీ ఆగాడు. తీసేది తన చెయ్యే. అంతే, పక్కనే ఉన్న పాడుబావి దగ్గరికి వెళ్ళి అందులోకి విసిరేశాడు. బుడుంగుమంది. ఇంక ఎవరి చేతికీ చిక్కదని నిశ్చింతగా చేతులు దులుపుకున్నాడు.

పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు వచ్చారు. గేటు ఊపారు, తాళం లాగారు, తాళంచెవి ఎక్కడుందో విని నెత్తి బాదుకున్నారు. ఇనుప వల పట్టుకుని ఇంటికి రమ్మని పిల్లల్ని పిలిచారు. పిల్లలు అటునుంచి ఉల్లిపాయలు కొట్టారు. వలలోంచి వచ్చిన ఘాటుకి సగంమంది, దిగులుకి సగంమంది బావురుమన్నారు.

నాంచారయ్య కాసేపు వాళ్ళని తేరిపార చూశాడు. మొహం వెలిగిపోయింది.

"చూశారా, వీళ్ళూ ఏడుస్తున్నారు. ఒక్కరూ ఇంటికి కదలడం లేదు," అన్నాడు. "రేపట్నించి పెద్దవాళ్ళకి కూడా నేర్పాల్సిందే."

శేషారత్నం ఇంకో గుండిగ కొనాలంది. పేరయ్య ఒక చేత్తో పార, ఒక చేత్తో తాడు తెచ్చి, పల్లవి వాళ్ళ నాన్న ఏడుస్తుంటే పక్కనే కూర్చుని, ఆయన నడుం ఎంత ఎత్తులో ఉందో కొలవడం మొదలుపెట్టాడు.