కుర్చీ మీద దస్తీ

మూడో ఇంటర్వ్యూ నుంచి కూడా హైమవతి ఉత్త చేతులతోనే తిరిగొచ్చింది. చెప్పులు విసురుగా విడిచి, బ్యాగు తెచ్చి వాజిద్ సార్ బల్ల మీద పడేసింది. ఆయన చాయ్ గ్లాసు కాస్త పక్కకు జరుపుకున్నాడు.

అమీర్‌పేట సందులో, బట్టల కొట్టు పైన ఉంది ఆయన కోచింగ్ సెంటర్. చాలా ఏళ్లు కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఇప్పుడు ఇక్కడ పిల్లలకు నేర్పుతున్నాడు. వాళ్లలో హైమవతంత వేగంగా కోడ్ రాసేవాళ్లు లేరు. ఆ సంగతి ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు.

"ఏమడిగిండ్రు?"

"అందరిదీ ఒకటే పాట సార్. సాఫ్ట్‌వేర్ లైఫ్‌సైకిల్ తెలుసా, లైఫ్‌సైకిల్ తెలుసా. ఏ ప్రకటన చూసినా అదే. అవసరాలు కనుక్కోవడం, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, అప్పగించడం, ఆ తర్వాత బాగోగులు చూడడం. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన. ఇంకేం కావాలె వాళ్లకు?"

"మరేమన్నరు?"

"నువ్వు చేసిందేదన్న చెప్పు అన్నరు. మన సిస్టమ్ బుకింగ్ ప్రోగ్రాం గురించి చెప్పిన. ఒక్క సాయంత్రంల రాసిన అని కూడా చెప్పిన. 'అప్పగించినంక ఏమైంది?' అని అడిగిందొక మేడం. ఏమైతది, అయిపోయింది అన్న. ఆమె నవ్వింది సార్. నవ్వేటందుకు ఏమున్నదండ్ల?"

వాజిద్ సార్ నవ్వలేదు.

"సోమవారం ఇంకోటుంది. అది కూడా పోతే ఊరికి వచ్చెయ్యమన్నడు నాయిన. మా బాబాయి బడిల చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకోవాలె ఇగ. ఆ లైఫ్‌సైకిల్ ఏందో ఈ లోపల నేర్పుండ్రి సార్."

ఆ బుకింగ్ ప్రోగ్రాం కథ ఇది. సెంటర్లో కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరి సీటు ఆపినట్టే ఇక్కడా ముందొచ్చినవాళ్లు కుర్చీ మీద దస్తీ వేసి, కిందికి పోయి నింపాదిగా తినొస్తారు. ఆ మోటు పద్ధతి చూస్తే హైమవతికి ఒళ్లు మండేది. ఎవరి వంతు ఎప్పుడో కంప్యూటర్లోనే రాసుకునేలా ప్రోగ్రాం చేసిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆమె దాని మొహం చూడలేదు.

సార్ లేచాడు. "పా."

కంప్యూటర్ల గదిలో కుర్చీ కుర్చీకీ ఒక దస్తీ. ఒకదాని మీద చున్నీ. ఇంకోదాని మీద ఎవరిదో హెల్మెట్.

"నీ ప్రోగ్రాం ఉంది గద. ఇవన్నీ తీసెయ్."

హైమవతి మొదటి దస్తీని రెండు వేళ్లతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పైకెత్తింది. అంతలో మిర్చిబజ్జీల పొట్లంతో ఒకమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, అది నాది. ఆడనే పెట్టుండ్రి."

"దస్తీలేంది మళ్ల? ప్రోగ్రాం ఉంది గద. చదువుకున్నోళ్లే కద మీరు?"

"ఉందక్కా. కానీ అది ఫోన్ల తెర్సుకోదు. పేరు రాయాల్నంటే సిస్టమ్ ముందు కూసోవాలె."

"కూసో. ఎవరొద్దన్నరు?"

"కూసోవాల్నంటే సీటు దొర్కాలె కదక్కా. సీటు దొర్కినంక ఇగ బుకింగ్ ఎందుకు?"

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆమెకది రోజూ ఉండే బాధే.

"మరి నాకెందుకు చెప్పలే ఇన్ని రోజులు?"

"మీరు అడగలే కదక్కా."

హైమవతి చేతిలో వేలాడుతున్న దస్తీని మడత పెట్టి, ఎక్కడ నుంచి తీసిందో ఆ కుర్చీ మీదే పెట్టింది.

వాజిద్ సార్ జేబులోంచి తన దస్తీ తీశాడు. దులిపి, గుమ్మం పక్కన, పిల్లలు వస్తూ పోతూ ఉండే చోట ఉన్న ప్లాస్టిక్ కుర్చీ మీద పరిచాడు.

"లైఫ్‌సైకిల్ నేర్పమన్నవ్ గద. సోమవారం దాకా ఇది నీ సీటు."

ఆమె ఆ కుర్చీని, దాని ముందున్న ఖాళీని చూసింది.

"ఈడ సిస్టమ్ లేదు కద సార్."

"అందుకే," అని ఆయన చాయ్ దగ్గరికి వెళ్లిపోయాడు.