సురపొన్న పేరు

కొండ దారిలో వేదగిరి అడుగులు తడబడుతున్నాయి. ముందు నడుస్తున్న గురువు నరహరి ఆచార్యులు బయలుదేరినప్పటి నుంచి పెదవి విప్పలేదు. నాలుగు చీవాట్లు పెట్టినా ఇంతకన్న నయం అనిపించింది శిష్యుడికి.

జరిగింది చిన్న తప్పు కాదు. నిన్న వైద్యుల సభలో సురపొన్న ప్రసక్తి వచ్చినప్పుడు వేదగిరి లేచి, ఆ చెట్టుకున్న ఏడు పేర్లూ ఏకరువు పెట్టి, ఒక్కొక్క పేరుకూ అర్థం విప్పి చెప్పాడు. సభ తల ఊపింది. ఆ ఊపులోనే, ఈ కొండల్లో మిగిలిన ఒకే ఒక్క సురపొన్న ఏ వాగు ఒడ్డున ఉందో కూడా చెప్పేశాడు. వెనుక వరుసలో మూలికల వర్తకుడున్నాడని తెల్లవారాక తెలిసింది. బండి దారిన గొడ్డళ్ళతో కూలీలు కదిలారనీ తెలిసింది.

ఆ చెట్టును వేదగిరికి చూపినది వాగు ఒడ్డున ఉండే ముసలామె జిన్నమ్మ. పోయిన ఏడు దాని పేరడిగితే ‘అమ్మ’ అని ఊరుకుంది. పాపం, పేరైనా తెలియదని అతడు లోలోపల నవ్వుకున్నాడు.

చెట్టు నిలిచే ఉంది. ముదురు కొమ్మలను కరుచుకుని తెల్లని పూత. జిన్నమ్మ గుడిసె ముందు కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటోంది. వేదగిరి చెప్పిన సంగతి విని అతన్ని ఎగాదిగా చూసింది.

“చదువుకున్న నోరు కదా బాబూ, ఆగదు.”

ఏటా పూత రాగానే ఆమె మానుకు పసుపు పూసేది. ఈసారి నొప్పులతో లేవలేకపోయిందట. ఆచార్యులు ఆమె పక్కనున్న పసుపు గిన్నె తీసుకుని, వాగునీళ్ళతో కలిపి, మాను మొదలంతా పూయసాగారు. వాగు అవతల మనుషుల గొంతులు వినిపించాయి.

“అయ్యా, వచ్చేస్తున్నారు. ఏం చేయమంటారు?”

 ఆచార్యులు పసుపు గిన్నె అతని చేతికిచ్చి, చెప్పులు విడిచి పక్కన కూర్చున్నారు.

వర్తకుడు వచ్చి పసుపు మానును చూసి తటపటాయించాడు. కూలీలు అతని ముఖం చూశారు. అతడు వేదగిరి వైపు తిరిగాడు.

“నిన్న సభలో ఏడు పేర్లు చెప్పినవాడివి నువ్వేగా. ఇదేనా ఆ చెట్టు? ఏమంటారు దీన్ని?”

ఏడు పేర్లూ వరసగా నాలుక మీదికి వచ్చాయి. గురువు వాగు వైపు చూస్తున్నారు.

వేదగిరి చెప్పులు విడిచాడు. గిన్నెలో మిగిలిన పసుపు తీసి మానుకు పూశాడు. 

“అమ్మ,” అన్నాడు.

కూలీలలో పెద్దవాడు గొడ్డలి నేల మీద పెట్టి, తానూ చెప్పులు విడిచాడు. మిగిలినవారూ అంతే. వర్తకుడు ఏదో గొణుక్కుంటూ వెనుదిరిగాడు.

కొండ దిగాక ఆచార్యులు మొదటిసారి మాట్లాడారు.

“వచ్చే ఏడు పూత నాటికి పసుపు నువ్వు తీసుకురా.”