ఓబులేశు వెడల్పు చేసిన రోడ్డు

ఓబులేశుకి వచ్చిన చిక్కల్లా ఒకటే. తాను గీసిన ప్లాను ఎంత బాగుందో ఎవరికైనా చెప్పుకోకపోతే ఆ పూట అన్నం సయించేలా లేదు.

అతను రోడ్ల శాఖలో ఇంజినీరుగా చేరి ఏడాదైనా కాలేదు. అంతలోనే, సొంత ఊరి ముందు నుంచి పోయే జిల్లా రోడ్డు మీద ప్రమాదాలు జరగకుండా ఏం చేయాలో ఆలోచించే పని అతని చేతికే వచ్చింది. ఇష్టంగా కూర్చుని గీశాడు. గీసిన కాగితాన్ని గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని నేరుగా దర్గాకి వెళ్ళాడు.

దర్గాలో ఉండే జమాల్ తాత అతనికి గురువు. చిన్నప్పుడు ఆ అరుగు మీద కూర్చుని ఆయన మాటలు వింటూ పెరిగాడు ఓబులేశు. ఇంజినీరయ్యాక కూడా మనసులో ఏది పొంగినా ముందు ఆయనకే చెప్పుకునేవాడు.

దర్గాకి ఎదురుగా, రోడ్డు అవతల, సుంకమ్మ పూల అంగడి ఉంది. మొన్న ఎండాకాలంలో రోడ్డు దాటుతుంటే బండల లారీ తగిలి ఆమె కాలు ఒకటి పోయింది. ఇప్పుడు చంకకర్ర మీద నడుస్తోంది. "ఇంకెవరికీ ఇట్లా కాకుండా చూసే పూచీ నాదక్కా" అని ఆస్పత్రిలో ఆమెకు మాటిచ్చాడు ఓబులేశు. ఆ మాట నిలబెట్టుకునే రోజు వచ్చిందని అతని సంబరం.

"చూడు తాతా," అంటూ అరుగు మీద కాగితం పరిచాడు. "రోడ్డును రెండు పక్కలా వెడల్పు చేస్తాం. మలుపు సరిచేస్తాం. రైతులు అంచుల్లో మొక్కజొన్న ఎండబోస్తారే, అది ఇక కుదరదు. అడ్డమనేదే ఉండకూడదు. అద్దంలాంటి రోడ్డు! నా ముందు పనిచేసినోళ్ళలో ఒక్కరికీ ఇది తట్టలేదు."

జమాల్ తాత కాగితం మీదికి వంగి చూశాడు.

"చానా బాగా గీసినావు అబ్బీ. ఎట్లుంటాదో చూపించు."

"చూపిస్తున్నా కదా తాతా."

"కాయితంలో కాదు. రోడ్డు మీద."

అది మొక్కజొన్న ఇళ్ళకొచ్చే కాలం. రోడ్డుకి రెండంచులా గింజలు పచ్చగా పరిచి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. బండ్లు పోవడానికి మిగిలింది నడిమి దారి ఒక్కటే. ఓబులేశు హుషారుగా రైతుల దగ్గరికి వెళ్ళి గింజలు తీసేయమన్నాడు.

"ఉద్యోగం వచ్చినాక మా గింజలు నీ కండ్లకు అడ్డమైనాయా?" అని రైతుల్లో పెద్దవాడు మద్దిలేటి ఎగిరిపడ్డాడు. "చిన్నప్పుడు వీటి మీదే కదరా దొర్లినావు!"

"తిట్టొద్దులే మద్దిలేటీ," అన్నాడు జమాల్ తాత అరుగు మీద నుంచే. "దర్గాలో జాగా ఉంది. ఇక్కడ పోసుకోండి."

తాత మాట ఎవరూ తీసేయరు. తెల్లారేసరికి గింజలు దర్గా ఆవరణలోకి చేరాయి, రోడ్డు ఊడ్చినట్టయింది. పొద్దుటి ఎండలో కడిగిన పలకలా నల్లగా, విశాలంగా మెరుస్తోంది. ఓబులేశు నడుము మీద చేతులు పెట్టుకుని చూశాడు. సగం పని అయిపోయినట్టే అనిపించింది.

జమాల్ తాత బయటికొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. "పా, సుంకమ్మ కాడ పూలు తెచ్చుకుందాం."

ఇద్దరూ రోడ్డు అంచున నిలబడ్డారు. ఒక లారీ హోరుమంటూ వచ్చింది. తగ్గలేదు. ఆ గాలికి తాత తలపాగా కొస లేచి ఓబులేశు మొహాన తగిలింది. అది పోయాక ఒక అడుగు వేశారు. మలుపు తిరిగి బస్సు దూసుకొచ్చింది. కాలు వెనక్కి లాక్కున్నారు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ వెనక్కి.

"ఏందయ్యా, కొత్త పెండ్లికొడుకు మాదిరి గడప కాడే నిలబడితిరి?" అవతల నుంచి సుంకమ్మ కేకేసింది. "వచ్చేది ఉందా లేదా?"

ఓబులేశు ఇంకో అడుగు వేయబోయి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"ఉండండి, నేనే తెస్తా," అంటూ ఆమె పూలపొట్లం పట్టుకుని లేచింది. చంకకర్ర తారు మీద పెట్టింది.

"వద్దక్కా! వద్దు! ఆడనే ఉండు!"

ఓబులేశు రెండు చేతులూ ఎత్తి అరిచాడు. సుంకమ్మ ఆగిపోయింది. ఆమె ముందు నుంచి ఇంకో లారీ సర్రున పోయింది.

జమాల్ తాత దర్గా వైపు తిరిగాడు. లోపలికి వెళ్ళి గంపెడు మొక్కజొన్న తెచ్చి, రోడ్డు అంచున పోసి, కాలితో పరిచాడు. ఇంకో గంప తెచ్చాడు. మూడో గంప ఆయన చేతిలోంచి ఓబులేశు అందుకున్నాడు. బండ్లు లేని అదను చూసి అవతలి అంచున తానే గంప వెంట గంప పోసి వచ్చాడు.

కాసేపటికి బండల లారీ వచ్చింది. నడిమి దారి ఇరుకు చూసి, డ్రైవరు దూరం నుంచే వేగం తగ్గించి మెల్లగా పోయాడు. వెనక వస్తున్న బస్సూ అంతే. తాత చెయ్యెత్తితే బస్సు ఆగింది కూడా. ఇద్దరూ తాపీగా దాటారు.

అప్పుడు తట్టింది ఓబులేశుకి. సుంకమ్మకు లారీ తగిలింది ఎండాకాలంలో. అప్పుడు రోడ్డు మీద ఒక్క గింజ లేదు.

ఓబులేశు ఆ రోజు అంగడి బల్ల మీద కూర్చుని, గింజల దగ్గర వేగం తగ్గించే బండ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత ఇంటికి వెళ్ళి కొత్త కాగితం తీశాడు.

కోతల కాలం అయిపోయింది. ఒకరోజు పెద్ద ఇంజినీరు జీపులో వచ్చాడు. కొత్త ప్లాను అంతకుముందే చూసి ఉన్నాడు. అందులో దర్గా ముందు రోడ్డు సన్నబడుతుంది. రెండు పక్కలా రాతి గట్లు, వాటి మీద మొక్కలు. దాటేవాళ్ళు ఆగి నిలబడ్డానికి మధ్యలో ఒక తిన్నె. రైతులు గింజలు ఎండబోసుకోవడానికి పక్కనే విడిగా ఒక కళ్ళం.

"ప్రమాదాలు ఆపమంటే రోడ్డునే ఇరుకు చేసుకొచ్చావేమయ్యా?" అని నవ్వాడాయన జీపు దిగుతూనే. "ఇది పైకి పంపితే నవ్వుతారు. ఎందుకో చెప్పు, వింటాను."

కాగితం ఓబులేశు చంకలోనే ఉంది. చెప్పడానికి మాటలూ బోలెడున్నాయి.

"సార్, ఒకసారి అవతలికి పోయొద్దాం రండి," అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

ఇద్దరూ రోడ్డు అంచున నిలబడ్డారు. లారీ పోయింది. అడుగు వేశారు. వెనక్కి వచ్చారు. మళ్ళీ నిలబడ్డారు. పెద్ద ఇంజినీరు నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతోంది. ఇప్పుడు ఓబులేశు చెయ్యిని ఆయనే గట్టిగా పట్టుకున్నాడు.

ఆ పొద్దు బండ్లు తిరగకముందే దర్గాకి పూలివ్వడానికి వచ్చిన సుంకమ్మ, అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తోంది. పక్కకు తిరిగి చూస్తే జమాల్ తాత మొహం వెలిగిపోతోంది.

"ఏం తాతా, శిష్యుణ్ణి చూసుకుని ఇంత పొంగిపోతాండావు? గర్వం వద్దని మాకు చెప్తావే!"

"పొంగకేం చేసేది సుంకమ్మా," అన్నాడు తాత, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "చూడు, వాడు ఇంతవరకూ కాయితం విప్పలేదు."