ఓబులమ్మ తడిగుడ్డ

ఈ కథ నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి! ఎవరూ లేవలేదే? అయితే వినండి.

అనగనగా, ఆకాశం చేతికందేంత కిందుగా ఉన్న కాలంలో, ఒక కొండ వాలులో ఓబులమ్మ అనే రైతు ఉండేది. ఆమె తోడు పెట్టిన పెరుగు మీద గేదె నడిచినా గిట్ట దిగేది కాదు. ఆమె అల్లిన గంపలో నీళ్ళు మోసేవారు. ఉప్పు తప్ప ఆ ఇంటికి ఏదీ బయటినుంచి వచ్చేది కాదు. ఆమె అనుమానం మాత్రం అన్నిటికన్నా గట్టిది. తన నీడనే "ఎందుకు నా వెంట పడ్డావు?" అని నిలదీసేది.

ఆ వాలులోని కొండచేను తనకిమ్మని ఓబులమ్మ రాజును అడిగింది. నక్కా అడిగింది. రాజు తీర్పు చెప్పాడు: "ఓబులమ్మా, ఈ ఏడాది కొండ దిగకుండా బతికి, పైరు నిలిపితే చేను నీది. లేదంటే నక్కది."

నక్క ఊరుకుంటుందా? చిప్ప పట్టుకుని వచ్చింది.

"అక్కా, కమ్మటి తోడు తెచ్చాను, పాలల్లో వేసుకో."

ఓబులమ్మ ముందు ఒక ముంతెడు పాలలోనే చుక్క వేసి చూసింది. పాలు జిగురై కంపు కొట్టాయి. చేట తిరగేసి ఒక్కటిచ్చింది. నక్క మూడు కొండల అవతల పడింది.

గాలి వీచే రోజున మళ్ళీ వచ్చింది, నిప్పుల కుండతో.

"నీ పొయ్యి ఆరిపోతుందేమోనని తెచ్చానక్కా."

ఓబులమ్మ దాన్ని గుడిసెలోకి రానివ్వలేదు. పెరట్లోనే మూత తీసింది. నిప్పుల కింద దాచిన ఎండుటాకులు భగ్గుమన్నాయి. మంట తాటిచెట్టంత లేచింది!

"ఇక ఎవరి నిప్పూ నాకొద్దు" అనుకుని ఆమె రాత్రింబవళ్ళు పొయ్యిలో మొద్దులు మండించింది. పురుగు పట్టకుండా పొగ తగలాలని, ఆ పొయ్యి పైనే సొరబుర్రలో రాగి విత్తనం వేలాడగట్టింది. కింద అంత మంట ఉంటే విత్తనం ఏమవుతుందో ఆమెకు తట్టలేదు.

తొలకరి వేళకు ఒక పందికొక్కు గింజల మూట ఈడ్చుకుంటూ వచ్చింది.

"ఓబులక్కా, విత్తనం."

"నువ్వా! నా కళ్ళం దోచిన దొంగవు కాదూ?"

"దోచాను. కాదన్నానా? ఇవి నీ రాగులే. నా బొరియలో చల్లగా దాచాను. నీ బుర్ర కింద మంట చూసుకున్నావా?"

"నిన్ను నక్క పంపిందా?"

"నక్కా! చేను దానికి పోతే మొదట నా పిల్లల్నే పలారం చేస్తుంది. నువ్వుంటే వాటికి నాలుగు గింజలైనా దొరుకుతాయి."

ఓబులమ్మ నమ్మలేదు. తరిమికొట్టనూ లేదు. తడిగుడ్డ పరిచి, ఒక పక్క దొంగ గింజలు, ఇంకో పక్క తన గింజలు పోసి, చుట్టి, గడ్డిలో పెట్టింది.

నాలుగు రోజులకు విప్పి చూస్తే దొంగ గింజలకు తెల్లగా మొలకలొచ్చాయి. తనవి మాడి, మొలకన్నది లేకుండా పడి ఉన్నాయి. అవే చల్లి ఉంటే చేను పోయేది కదా!

పందికొక్కు తెచ్చిన విత్తనమే చల్లింది. పైరు ఎంత ఏపుగా పెరిగిందంటే, చూడవచ్చిన రాజు ఏనుగుతో సహా అందులో దారి తప్పాడు. చేను ఓబులమ్మదే అయింది. ఆనాటినుంచి కళ్ళం ఊడ్చినప్పుడల్లా ఒక మూల గింజలు దానికి వదిలేసేది, "దొంగ వెధవ" అని గొణుగుతూనే.

పిల్లలూ, అనుమానం వస్తే నోటితో కాదు, పరీక్షతో తేల్చాలి. పరాయివాళ్ళ గింజతో పాటు మన గింజనూ తడిపి చూడాలి.

ఇంకా నమ్మరా? ఆ చేని గట్టు కింద బొరియలో సాక్షి ఉన్నాడు, అడగండి: ఆ పందికొక్కే, బుంగమూతి భైరయ్య.