చెవి వెనక చిక్కు

అచ్యుతుడికి ఒళ్ళు మండిపోతోంది. పైన గుహలో ఒంటరిగా తపస్సు చేసుకుందామని హిమాలయాలదాకా వచ్చినవాణ్ణి పట్టుకుని, ఆశ్రమంలో పెద్దస్వామి కుక్క బొచ్చు దువ్వమన్నాడు మరి!

"దాని చిక్కులన్నీ తీశాక గుహకు వెళ్దువుగాని," అన్నాడు.

మంచు పడితే దారి మూసుకుపోతుంది. ఇక మళ్ళీ వేసవిదాకా గుహ మాట ఎత్తడానికి లేదు.

కుక్క పేరు భల్లూకం. పేరుకు తగ్గట్టే ఉంటుంది. దాని బొచ్చులో చెయ్యి పెడితే మణికట్టుదాకా మునిగిపోతుంది.

తొందరలో అచ్యుతుడు ముందు దానికి వేన్నీళ్ళు పోశాడు. అదే కొంప ముంచింది. తడిసిన చిక్కులు ఆరేసరికి బిగుసుకుపోయి కంబళిలా అట్టకట్టాయి. అయినా పైపైన దువ్వి, నిగనిగలాడించి, తెచ్చి స్వామి ముందు నిలబెట్టాడు.

పెద్దస్వామి ఆ నిగనిగ వంక చూడనైనా లేదు. కుక్క చెవి వెనక వేలు పెట్టాడు. వేలు లోపలికి దిగలేదు.

"కత్తిరించి పారేస్తాను స్వామీ!"

"చలికి అదేం కప్పుకుంటుంది, నీ శాలువానా?"

అచ్యుతుడు పళ్ళు కొరుకుతూ దువ్వెనను కుదుళ్ళలో గుచ్చి ఒక్క లాగు లాగాడు. భల్లూకం గుర్రుమంది. అతను వినిపించుకోకుండా మళ్ళీ లాగాడు. ఈసారి అది అతని చెయ్యి నోట కరుచుకుంది. నెత్తురు రాలేదు గానీ పళ్ళ గుర్తులు పడ్డాయి.

"ఇంత కోపిష్ఠి కుక్కను నేనెక్కడా చూడలేదు! నేనొచ్చింది తపస్సుకా, దీనికి సేవలు చెయ్యడానికా?"

పెద్దస్వామి దువ్వెన అందుకున్నాడు. అచ్యుతుడి గడ్డం దువ్వెన ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. దవడ దగ్గర గుచ్చి, కిందికి ఒక్క లాగు లాగాడు.

"అమ్మా!" అని అరిచి అచ్యుతుడు స్వామి చేతిని విసురుగా కొట్టాడు. దువ్వెన ఎగిరి అవతల పడింది.

కొట్టింది ఎవరినో తెలిసేసరికి అతని ముఖం పాలిపోయింది.

"కుక్కే నయం," అన్నాడు పెద్దస్వామి. "ముందు గుర్రుమంది."

వెళ్ళి దువ్వెన తెచ్చుకున్నాడు. అచ్యుతుడి గడ్డాన్ని కుదురు దగ్గర రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, చివర్నుంచి కొంచెం కొంచెంగా పైకి దువ్వుకొచ్చాడు. చిక్కు విడిపోయింది. నొప్పి తెలియనే లేదు. దువ్వెన శిష్యుడి చేతిలో పెట్టి స్వామి లోపలికి వెళ్ళిపోయాడు.

అచ్యుతుడు సిగ్గుతో భల్లూకం పక్కన కూలబడ్డాడు. చెవి వెనక బొచ్చును కుదురు దగ్గర పట్టుకుని చివర్నుంచి మొదలుపెట్టాడు. అది గుర్రుమన్నప్పుడల్లా ఆగాడు. మానినప్పుడు మళ్ళీ దువ్వాడు.

సాయంత్రానికి మంచు మొదలైంది. పెద్దస్వామి పాదుకలు టకటకలాడించుకుంటూ బయటికొచ్చాడు.

"అచ్యుతా! దారి మూసుకుపోతోంది. మిగిలింది నేను చూసుకుంటాలే. ఇప్పుడు బయల్దేరితే గుహ అందుకుంటావు."

అచ్యుతుడు తలెత్తలేదు. భల్లూకం తల అతని ఒళ్ళో ఉంది.

"మెల్లగా స్వామీ," అన్నాడు గుసగుసగా. "ఇప్పుడే నిద్ర పట్టింది."

పెద్దస్వామి పాదుకలు విప్పి చేత్తో పట్టుకుని, ఆ మంచులో వట్టి కాళ్ళతో లోపలికి వెళ్ళాడు.