తొమ్మిది ఫ్యాన్ల పెట్టె

మొగలిరేవు రాజు జగజ్జెట్టి భూపతికి ఒకరోజు భోజనం మధ్యలో ఒక సరదా పుట్టింది. పొరుగున ఉన్న కంచుకోట రాజుతో యుద్ధం చెయ్యాలి, కానీ సింహాసనం మీంచి లేవకూడదు.

ఆటలాడే కంప్యూటరు ఒకటి కట్టించమని యంత్రాధికారి ఉద్దండరాయుడికి ఆజ్ఞ అయింది.

కట్టించడమంటే కొట్లో తయారుగా ఉన్నది మోసుకురావడం కాదు. ఒక పెద్ద ఇనప పెట్టె తెచ్చి, అందులో అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు బిగించి, దాని మీద ప్రాసెసరును కూర్చోబెట్టి, పక్కన గ్రాఫిక్స్ కార్డు తగిలించాలి. లెక్కలు కట్టేది ప్రాసెసరు. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకి వంద బొమ్మలు గియ్యమంటే ఎవరికైనా ఒళ్ళు వేడెక్కుతుంది కదా, వాటికీ అంతే. మరీ వేడెక్కితే కాలిపోకుండా తమంతట తామే ఆగిపోతాయి.

మొదటి రోజు యుద్ధంలో సరిగ్గా అదే జరిగింది. తెర మీద రాజుగారి గుర్రం కోటగోడ దూకబోతూ గాల్లో ఉండగా కంప్యూటరు ఆగిపోయింది. తన కోటలోంచే ఆడుతున్న కంచుకోట రాజు గెలిచాడు.

కార్డు చిన్నదైపోయిందన్నాడు రాయుడు. రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవని కార్డు వేయించాడు. కార్డు పెద్దదైతే వేడీ పెద్దదే. రెండో రోజు గుర్రం గోడ దాకా కూడా పోలేదు.

ఫ్యాన్లు చాలవన్నాడు. మూడున్న చోట తొమ్మిది బిగించి, చలవ చేస్తుందని పెట్టెకి గంధం కూడా పూయించాడు. మూడో రోజు గుర్రం లాయంలోంచే బయటికి రాలేదు.

రాజుగారి పక్కన ఇరవై ఏళ్ళుగా వింజామర వీస్తున్న సింగమ్మ, వంగి ఆ పెట్టె వెనక అరచెయ్యి పెట్టి చూసింది. గాలి లోపలికి పోతోంది గానీ బయటికి రావడం లేదని మెల్లగా అంది.

రాయుడికి మండిపోయింది. మొగలిరేవులో రాజుకి ఎవరూ వెన్ను చూపరు. సెలవు పుచ్చుకున్నవాళ్ళు కూడా వెనక్కి వెనక్కి అడుగులు వేసుకుంటూ పడమటి తలుపు దాటాల్సిందే. రాజుగారి పెట్టె రాజుగారితో సమానం. అందుకే తొమ్మిది ఫ్యాన్లనూ దానికేసి తిప్పి, లోపలికే ఊదేట్టు పెట్టించాడు. గాలి విసిరే మనిషి తనకి పాఠం చెప్పడమేమిటని, తొమ్మిది ఫ్యాన్లుండగా అసలు ఈ మనిషి దండగని, పంపించెయ్యమని రాజుతో అనేశాడు.

మూడుసార్లు ఓడిన రాజుకి అసలే చిరాకుగా ఉంది.

“రేపు సాయంత్రం మళ్ళీ యుద్ధం. ఈలోగా నీ మాట నిజమని చూపించు సింగమ్మా. చూపించలేకపోతే వింజామర అప్పజెప్పి వెళ్ళిపో.”

సింగమ్మ సరేనంది. రేపటి దర్బారు ఏర్పాట్లు మాత్రం తన చేతికిమ్మని అడిగింది. రాజు ఇచ్చాడు.

అసలే రోహిణీకార్తె. మర్నాడు పొద్దెక్కేసరికి దర్బారు హాల్లోకి మూడొందల మంది వచ్చారు. సింగమ్మ కిటికీలన్నీ మూయించి, పడమటి తలుపుకి గడియ పెట్టించింది. తూర్పు వాకిట్లో మాత్రం సందు లేకుండా తొమ్మిది మందిని నిలబెట్టి, లోపలికి వింజామరలు వీయించింది. తను చెప్పేదాకా ఎవరూ బయటికి వెళ్ళకూడదంది.

కాసేపటికి హాలు ఆవిరికుడుము పాత్రలా తయారైంది. జరీ అంగరఖాలో ఉన్న రాయుడి మీసాల రంగు కరిగి గడ్డం మీదికి కారింది. ఇంకో నలుగురిని పెట్టించమని అరిచాడు. సింగమ్మ వెంటనే వాళ్ళ వెనక పెట్టించింది. పదమూడు మంది వీశారు. ఉక్క ఇంకా పెరిగింది.

ఇక రాయుడు ఆగలేకపోయాడు.

“ఎంతమంది వీస్తే ఏం లాభమే? లోపలున్న వేడి పోవడానికి దారేదీ? ముందు ఆ పడమటి తలుపు తియ్యి, ప్రాణం పోయేలా ఉంది.”

సింగమ్మ రాజుగారి వైపు తిరిగి చేతులు కట్టుకుంది.

“ఆ పెట్టె కూడా నిన్నట్నుంచి ఇదే మొత్తుకుంటోంది ప్రభూ.”

చెమటలో తడిసి ముద్దైన రాజు ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత సింహాసనం కదిలేలా నవ్వి, తలుపు తియ్యమన్నాడు. గడియ తీసీ తియ్యకముందే రాయుడు అందరికంటే ముందు బయటికి దూకాడు. వసారాలో నిలబడి, నాలుగుసార్లు ఊపిరి పీల్చుకుని, మీసాలు తుడుచుకుని తిరిగొచ్చాడు.

కొన్ని ఫ్యాన్లు బయటికి ఊదేట్టు తిప్పమని రాజు చెప్పాడు. రాయుడు ఇంకా లొంగలేదు.

“తిప్పితే అవి తమకి వెన్ను చూపినట్టవుతుంది ప్రభూ. మరి మర్యాదో?”

సింగమ్మ చాలా నెమ్మదిగా అడిగింది.

“ఇందాక తలుపు తీసినప్పుడు, రాయుడుగారి ముఖం ప్రభువులకి కనబడిందా?”

మూడొందల మందీ ఒక్కసారి నవ్వారు. రాజు నవ్విన నవ్వుకి కిరీటం చెవుల మీదికి జారింది. రాయుడే స్క్రూడ్రైవరు పుచ్చుకుని నేల మీద చతికిలబడి, వెనకవీ పైవీ కలిపి నాలుగు ఫ్యాన్లు తిప్పి బిగించాడు. ముందున్న అయిదూ చల్లగాలి లోపలికి లాగాయి. వేడిగాలి ఎటూ పైకి లేచేదే కాబట్టి, తిప్పిన నాలుగూ దాన్ని సులువుగా బయటికి నెట్టేశాయి. తొంభై అయిదు డిగ్రీల మీద ఉన్న కార్డు అరవై ఆరుకి దిగింది.

ఆ సాయంత్రం గుర్రం గోడ దూకింది. కంచుకోట పడింది.

రాజు తన మెడలోని ముత్యాల హారం తీసి సింగమ్మకిచ్చాడు. యంత్రాధికారి పదవి కూడా ఆమెకే ఇచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు.

“రేపటి యుద్ధంలో ఆ గుర్రం నేనెక్కుతాను ప్రభూ.”

రాజు పగలబడి నవ్వుతూ, సింహాసనంలో పక్కకి జరిగి చోటిచ్చాడు.