కింది పట్టీ

విరూపాక్షయ్యగారిని ప్రశ్న అడిగితే పని చెబుతారు. అది ఆయన అలవాటు. మోక్షం సంగతేమిటని అడగడానికి రాజమండ్రి నుంచి కారేసుకొచ్చిన ఒక పెద్దమనిషి చేత సాయంత్రం దాకా గోంగూర మడి తవ్వించారు. పాపం, ఆయన చేతులు బొబ్బలెక్కి, మోక్షం మాట మరిచిపోయి ఇంటికెళ్లాడు. అందుకే ఏజెన్సీ కొండల్లో, ఏటి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో అడిగేవాళ్లు తక్కువ.

అక్కడ చేరిన సోమిరెడ్డి అయితే ఏడాదిపాటు ఏమీ అడగలేదు. అడక్కుండానే పనంతా చేశాడు. అంతకుముందు అతను అదే ఏటి మీద, షికారుకొచ్చిన వాళ్లను రబ్బరు పడవలో ఎక్కించుకుని రాళ్ల మధ్య సుడులు దాటించేవాడు. పన్నెండేళ్లలో ఒక్కరి ఒంటి మీద గీత పడనివ్వలేదు. పదమూడో ఏట మైథిలి అనే పంతొమ్మిదేళ్ల పిల్ల పోయింది. పడవ బోల్తా కొట్టి ఆరుగురూ నీళ్లలో పడ్డారు, ఐదుగురు తేలారు. ఆ పిల్ల లైఫ్ జాకెట్ మాత్రం ఖాళీగా తేలింది. ఛాతీ మీది బకిల్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కింద కాళ్ల మధ్య నుంచి తెచ్చి బిగించాల్సిన పట్టీ వేలాడుతోంది. మనిషి మూడోనాడు దొరికింది.

జాకెట్ పైకి జారిపోకుండా పట్టుకునేది ఆ పట్టీయే. మగపిల్లలకైతే సోమిరెడ్డి తనే వంగి, బిగించి, రెండుసార్లు లాగి చూసేవాడు. ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి మొహమాటం. కట్టుకోండమ్మా అని మొహం అటు తిప్పుకునేవాడు. మైథిలికీ స్నేహితుల ముందు సిగ్గే. "కట్టుకున్నా అన్నా" అంది. అతను చూడలేదు. తర్వాత విచారణకొచ్చిన వాళ్లు అడిగితే, మధ్యలో విప్పేసుకుందేమో అన్నాడు. అమ్మాయి నిర్లక్ష్యమే కారణమని వాళ్లు రాసుకుని పోయారు.

ఊళ్లో వాళ్లు మంచివాళ్లు. దాని ఆయుష్షు మూడింది, నువ్వేం చేస్తావు అన్నారు. ఆ మాట పట్టుకుని ఏడాది నెట్టుకొచ్చాడు. సంవత్సరీకం అయిన మర్నాడు ఆ పిల్ల తల్లి భ్రమరాంబగారు నిడదవోలు నుంచి ఫోన్ చేసింది. తిట్టడానికే అనుకున్నాడు. ఆవిడ క్షమించమని అడిగింది. "చెప్పిన మాట వినే అలవాటు దానికి మొదట్నుంచీ లేదు బాబూ. నేనే సరిగ్గా పెంచలేదు. పోతూ పోతూ నీ పొట్టా కొట్టింది. మనసులో పెట్టుకోకు." సోమిరెడ్డి ఆ రోజు అన్నం ముట్టలేదు.

తెల్లారగానే వెళ్లి గురువుగారి ముందు కూర్చున్నాడు. జరిగిందంతా దాచకుండా చెప్పాడు. రాసిపెట్టి ఉన్నప్పుడు ఆ పట్టీ బిగిస్తే మాత్రం చావు ఆగేదా, ఆగనప్పుడు ఇందులో తన తప్పేముందని అడిగాడు. తప్పు లేదని ఆయన నోటి వెంట ఒక్క మాట వస్తే చాలునన్న ఆశ అతని మొహంలో కనబడుతూనే ఉంది.

విరూపాక్షయ్యగారు అలవాటు తప్పలేదు. అవతలి ఒడ్డున పనుంది, దించమన్నారు. పడవలు నడిపే కంపెనీ మూతబడ్డాక మిగిలిన పడవొకటి, నాలుగు జాకెట్లు ఆశ్రమం చావిట్లోనే పడున్నాయి. ఏడాది తర్వాత సోమిరెడ్డి ఆ పడవకి గాలి కొట్టాడు. గురువుగారు పంచె ఎగ్గట్టి, జాకెట్ తొడుక్కుని ఒడ్డున నిలబడ్డారు. కింది పట్టీ వెనక తోకలా వేలాడుతోంది.

"పట్టీ, అయ్యగారూ" అన్నాడు సోమిరెడ్డి.

"కట్టుకున్నానులే. పద."

సోమిరెడ్డి తెడ్డు అందుకున్నాడు. ఇన్నాళ్లలో ఆయన పాదాలు తప్ప మరొకటి తాకి ఎరగడు. గురువుగారి కాళ్ల మధ్య చెయ్యి పెట్టడమంటే మాటలా! మొహం అటు తిప్పుకున్నాడు కూడా. తిప్పుకున్నవాడు మళ్లీ ఇటు తిరిగి, వేలాడుతున్న పట్టీ కేసి చూశాడు. తర్వాత తెడ్డు కింద పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, పట్టీ ముందుకు లాగి బిగించి, రెండుసార్లు గుంజి చూశాడు.

"కట్టుకున్నానని చెప్పానుగా" అన్నారు గురువుగారు.

"మీరు చెబితే చాలదయ్యగారూ. నేను చూడాలి."

అనేశాక ఆ మాట తన చెవినే పడింది. పట్టీ వదలకుండా, అక్కడే కూర్చుని ఏడ్చాడు. విరూపాక్షయ్యగారు ఓదార్చలేదు. అతను లేచేదాకా నిలబడి, లేచాక పడవెక్కారు.

అవతల ఆయనకు ఏ పనీ లేదని దిగాక తెలిసింది. నీడనున్న ఒక రాయి చూసుకుని, జాకెట్‌తోనే దాని మీద కూర్చున్నారు. గట్టు పైన రోడ్డు కనబడుతోంది.

"తొమ్మిదింటి బస్సు నిడదవోలు మీదుగా పోతుంది" అన్నారు. "ఆ తల్లిని చూసి నువ్వు తిరిగొచ్చేదాకా నేనీ పట్టీ విప్పను."